నాన్న ఆట కోసం 14 నెలలు: పాత గేమ్స్ ఎందుకు దొరకవు, దొరికితే ఎలా కొనాలి?

ఇల్లందు నుంచి మాట్లాడుతున్నా. బొగ్గుట్ట అంటే మా వైపు వాళ్ళకి ఇంకా తొందరగా అర్థమవుతుంది. ఈ ఎపిసోడ్‌లో కొత్త గేమ్ రివ్యూ ఏమీ లేదు. ఒకే ఒక్క డిస్కు కథ చెప్తా. దాని కోసం 14 నెలలు తిరిగాను. కొంత డబ్బు పోయింది, హైదరాబాద్ దాకా పోయి ఇంకేదో కొనుక్కొచ్చాను, ఇంట్లో అమ్మతో తిట్లు తిన్నాను. మీరు కూడా చిన్నప్పటి గేమ్ ఏదైనా వెతుకుతుంటే, నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటారని చెప్తున్నా.

మొదటి నుంచి వద్దాం. 2011 దసరాకి మా నాన్న చేతికి సింగరేణి లాభాల వాటా వచ్చింది. సింగరేణి ఇళ్ళల్లో పెరిగిన వాళ్ళకి తెలుసు, ఆ డబ్బులు వచ్చే ముందే ఇంట్లో అందరి దగ్గరా ఒక్కో లిస్టు ఉంటుంది. అమ్మది ఫ్రిజ్, అన్నది పీఎస్‌2. నేను అప్పుడు నాలుగో తరగతి, అన్న ఏది అడిగితే నాదీ అదే. నాన్న హైదరాబాద్ పోయి సెకండ్ హ్యాండ్ పీఎస్‌2 ఒకటి పట్టుకొచ్చాడు. దాంతోపాటు ఒక సంచి నిండా డిస్కులు. అన్నీ కవర్ మీద పెన్నుతో పేరు రాసిన కాపీలే. ఒక్కటి మాత్రం పెట్టెతో సహా ఒరిజినల్. దాని మీద గద పట్టుకున్న చిన్న పిల్లాడు. పేరు ‘హనుమాన్: బాయ్ వారియర్’.

మా నాన్నకి గేమ్స్ అంటే పడదు. అన్న ఆడే గేమ్ చూసి, "మనుషుల్ని కాల్చుకునుడు ఏం ఆటరా" అని లేచి పోయేవాడు. కానీ ఆ ఆంజనేయుడి ఆట పెడితే మాత్రం కూర్చునేవాడు. బాయిలో ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, ఒక అరగంట. కంట్రోలర్ పట్టుకోవడం కూడా స్టీరింగ్ పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. ఒక చోట వచ్చి ఆగిపోయేవాడు, అది దాటలేకపోయేవాడు. మేమిద్దరం "మేం దాటిస్తాం ఇవ్వు నాన్నా" అంటే ఇచ్చేవాడు కాదు.

2013లో అన్న ఆ డిస్కు తన ఫ్రెండ్‌కి ఇచ్చాడు, రెండు రోజుల కోసమని. ఆ అన్న వాళ్ళ నాన్నకి అప్పుడే రామగుండం వైపు ట్రాన్స్‌ఫర్ అయింది. సామాను లారీ ఎక్కింది, డిస్కు రాలేదు. అన్న గోల చేశాడు, దొంగ అన్నాడు, ఫోన్లో పెద్ద గొడవ. అంతే, ఆ ఇద్దరి మధ్య మాటలు బంద్. పదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్న వాళ్ళు.

ఇప్పుడు నాన్న రిటైర్ అయ్యాడు. రిటైరైన మూడో నెలలో ఒక సాయంత్రం, నేను ఫోన్లో గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చొని అడిగాడు: "ఆ ఆంజనేయుడి ఆట ఇందులో వస్తదా?" నాన్న నన్ను గేమ్ గురించి అడగడం అదే మొదటిసారి. "రెండు రోజుల్లో తెస్తా నాన్నా" అన్నా.

అటక మీద నుంచి పీఎస్‌2 దించి, దుమ్ము తుడిచి పెట్టా. ఆన్ అయింది. డిస్కు లేకుండా ఆన్ చేస్తే మెమొరీ కార్డులో ఏమున్నాయో చూడొచ్చు. 8 ఎంబీ కార్డు, ఇప్పుడు మీ ఫోన్లో రెండు ఫొటోలకి కూడా సరిపోదు. అందులో ఒక్కో గేమ్‌కి ఒక్కో చిన్న బొమ్మ తిరుగుతూ ఉంటుంది. నాన్న ఆట బొమ్మ కూడా ఉంది. అంటే ఆయన ఆగిన చోటు ఇంకా భద్రంగా ఉంది. డిస్కు ఒక్కటే లేదు.

ఇక వెతుకులాట. మొదట ప్లే స్టోర్‌లో కొట్టా. హనుమాన్ పేరుతో బోలెడు గేమ్స్, పరిగెత్తేవి, ఎగిరేవి, ప్రతి ముప్పై సెకన్లకి యాడ్ వచ్చేవి. నాకు కావాల్సింది లేదు. ప్లేస్టేషన్ ఆన్‌లైన్ స్టోర్‌లో చూశా. అక్కడా లేదు. షాపింగ్ యాప్స్‌లో చూస్తే పేజీ దొరికింది గానీ "ప్రస్తుతం అందుబాటులో లేదు" అని ఉంది. అది ఎన్నేళ్ళ నుంచి అలా ఉందో మరి.

తర్వాత ఒక సెకండ్ హ్యాండ్ యాప్‌లో కనిపించింది. 2,500 రూపాయలు. ఫొటో బ్రహ్మాండంగా ఉంది. మెసేజ్ పెడితే నిమిషంలో రిప్లై, "బ్రో, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, అడ్వాన్స్ 1,500 వేస్తే మీకే పక్కన పెడతా" అన్నాడు. వేశా. తర్వాత కొరియర్ చార్జీ 300 అన్నాడు. అదీ వేశా. ఆ తర్వాత డీపీ మాయం, నంబర్ బ్లాక్. అప్పుడు ఆ ఫొటోని ఇంటర్నెట్‌లో వెతికితే ఏదో విదేశీ సైట్‌లో నాలుగేళ్ళ నుంచి ఉంది. ఆ పని డబ్బు వేయక ముందు చేయాల్సింది.

మూడోది హైదరాబాద్. ఇల్లందు నుంచి బస్సులో మహబూబాబాద్, అక్కడ నుంచి రైలులో సికింద్రాబాద్. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మీకు తెలిసే ఉంటుంది, కంప్యూటర్ సామాన్లకి పెట్టింది పేరు. పైనుంచి కింద దాకా అన్ని అంతస్తులూ తిరిగా. పీఎస్‌2 అనగానే సగం మంది నవ్వారు. ఒకాయన మర్యాదగానే చెప్పాడు: "తమ్మీ, ఆ డిస్కులన్నీ ఎప్పుడో తూకానికి పోయినయ్." చివరికి బయట ఒక చిన్న షాపులో "ఉంది భయ్యా, 400" అన్నారు. పెట్టె లేదు, తెల్ల కవర్ మీద హనుమాన్ అని రాసి ఉంది. చెక్ చేస్తానంటే మిషన్ లేదన్నారు. తెచ్చుకున్నా. ఇంటికొచ్చి పెడితే అది 2005లో వచ్చిన ‘హనుమాన్’ యానిమేషన్ సినిమా. నాన్న పావుగంట చూసి, "మంచిగనే ఉంది, కానీ ఇది ఆడరాదు కదరా" అన్నాడు.

ఇక్కడ ఆగి అసలు ప్రశ్నకి వద్దాం. ఇది ఎక్కడో జపాన్‌లో వంద కాపీలు వేసిన గేమ్ కాదు. హైదరాబాద్‌లో తయారైంది! అరోనా టెక్నాలజీస్ అనే హైదరాబాద్ కంపెనీ తయారు చేస్తే, సోనీ 2009లో పీఎస్‌2 మీద విడుదల చేసింది. పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి కన్సోల్ గేమ్ అని అప్పట్లో చెప్పుకున్నారు. దేవుణ్ణి కంట్రోలర్‌తో ఆడించడం ఏంటని అమెరికాలో ఉన్న కొందరు హిందూ సంఘాల వాళ్ళు అభ్యంతరం చెప్తే అదీ వార్తల్లోకి వచ్చింది. హైదరాబాద్‌లోనే ఇంకో కంపెనీ గేమ్‌శాస్త్ర. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాల లాంటి మన ఆటలతో ‘దేశీ అడ్డా’ అనే గేమ్ వాళ్ళదే. 2013లో వచ్చిన ‘డాన్ 2’ గేమ్ కూడా వాళ్ళదే. ఇన్ని తయారు చేసిన ఊరిలో రోజంతా తిరిగితే ఒక్క డిస్కు దొరకలేదు. ఎందుకు?

మొదటి కారణం, టైమ్. పీఎస్‌2 వచ్చింది 2000లో. మన హనుమాన్ వచ్చేసరికి 2009. అప్పటికే పీఎస్‌3 మార్కెట్లోకి వచ్చేసింది. మన దగ్గర మాత్రం పీఎస్‌2 ధర తగ్గి, మధ్యతరగతి ఇళ్ళకి అప్పుడప్పుడే వస్తోంది. ఆ ఇళ్ళ కోసమే సోనీ ఇలాంటి మన గేమ్స్ వేయించింది. కానీ ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడైన ఆ పీఎస్‌2 తయారీ ఆగిపోయిందని 2013 మొదట్లో వార్త వచ్చింది. అంటే ఈ గేమ్స్‌కి షాపులో బతికే టైమే నాలుగేళ్ళు.

రెండో కారణం మనమే. అబద్ధం ఎందుకు, మా పీఎస్‌2 కూడా చిప్ వేసిందే. 50 రూపాయలకి కాపీ డిస్కు దొరుకుతుంటే ఒరిజినల్ ఎవరు కొంటారు? కొనకపోతే షాపు వాడు ఎందుకు తెప్పిస్తాడు? తక్కువ ఒరిజినల్స్ అమ్ముడయ్యాయి కాబట్టి ఇప్పుడు తక్కువ మిగిలాయి. పోనీ కాపీలైనా ఉన్నాయా అంటే, అందరూ అడిగే పేరున్న గేమ్స్‌కే కాపీలు కొట్టేవాళ్ళు. అడగని గేమ్‌కి కాపీ కూడా ఉండదు.

మూడో కారణం, ఎవరూ దాచరు. పుస్తకం అయితే ఎక్కడో ఒక లైబ్రరీలో ఉంటుంది. సినిమా అయితే టీవీలోనో, యూట్యూబ్‌లోనో వస్తుంది. గేమ్ దాచాలంటే డిస్కు, అది నడిచే మిషన్, మిషన్ బాగు చేసే మనిషి, మూడూ కావాలి. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో ఒక లెక్క తీసింది. 2010కి ముందు అక్కడ విడుదలైన పాత గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు మామూలుగా కొందామంటే దొరకవట. అంత పెద్ద మార్కెట్ ఉన్న దేశంలోనే పరిస్థితి అది.

"అన్నా, ఇదంతా డిస్కుల గోల, మాకు ఫోన్ ఉంది కదా" అంటారేమో. ఫోన్ గేమ్ ఇంకా తొందరగా పోతుంది. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్ బ్యాన్ అయింది, గుర్తుందా? 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది. 2022 జూలైలో అదీ స్టోర్ల నుంచి పోయింది. మళ్ళీ 2023 మేలో తిరిగొచ్చింది. ఆ మధ్యలో మనవాళ్ళు ఎక్కడెక్కడి ఏపీకే ఫైళ్ళు దించుకున్నారో, అందులో ఏమేం వచ్చాయో వాళ్ళ ఫోన్లకే తెలుసు. ఇంకా వెనక్కి పోతే 2014 ఫిబ్రవరిలో ‘ఫ్లాపీ బర్డ్’ని తయారు చేసిన వియత్నాం కుర్రాడే తీసేశాడు. అప్పుడు ఆ గేమ్ ఉన్న పాత ఫోన్లని జనం వేలంలో భారీ రేట్లకి పెట్టారు.

డబ్బు పెట్టి కొన్నదైనా అంతే. ‘ది క్రూ’ అనే కార్ల గేమ్ సర్వర్లని యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒక్కడే ఆడుకుందామన్నా సర్వర్ కావాలి కాబట్టి, డిస్కు చేతిలో ఉన్నవాడికి కూడా గేమ్ లేదు. మనం కొన్నది గేమ్ కాదు, వాళ్ళు ఆడనిచ్చినంత కాలం ఆడుకునే పర్మిషన్ అని చాలామందికి అప్పుడే తెలిసింది.

కొత్త వస్తువు దొరకకపోవడం మళ్ళీ వేరే కథ. పీఎస్‌5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైంది, ధర 49,990. జనవరిలో ప్రీ ఆర్డర్ పెడితే నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత అవే బాక్సులు ఎక్కువ రేటుకి బయట కనిపించాయి. అలాంటప్పుడు మందు ఒక్కటే, ఓపిక. కొత్త సరుకు కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. పాత డిస్కు అలా కాదు. ఉన్నవే ఉన్నాయి, రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయే గానీ పెరగవు. ఈ తేడా తెలిస్తే ఎక్కడ ఆగాలో, ఎక్కడ తొందరపడాలో అర్థమవుతుంది.

సరే, పాత డిస్కు కొనేటప్పుడు ఏం చూడాలి? 1,800 రూపాయలు ఫీజు కట్టి నేర్చుకున్నా, మీకు ఫ్రీగా చెప్తా.

ఒకటి, డిస్కు అడుగు భాగం ఫొటో అడగండి. పీఎస్‌2 డీవీడీ ఒరిజినల్ అయితే వెండి రంగులో మెరుస్తుంది. ఇంట్లో కాపీ కొట్టిన డిస్కు చాలావరకు ఊదా రంగు ఛాయలో ఉంటుంది. ఆ కాలంలో సీడీ మీద వచ్చిన కొన్ని ఒరిజినల్స్ నీలం రంగులో ఉంటాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. కవర్ మీద ఒక కోడ్ ఉంటుంది, డిస్కు మీద కూడా అదే ఉందా చూడండి.

రెండు, ఏ ప్రాంతపు డిస్కో అడగండి. మన దేశంలో అమ్మినవి పాల్ రకం. అమెరికా, జపాన్ డిస్కులు ఎన్‌టీఎస్‌సీ రకం. చిప్ వేయని మన మిషన్లో అవి నడవవు.

మూడు, వీడియో అడగండి. డిస్కు పక్కన ఈ రోజు తేదీ, మీ పేరు రాసిన కాగితం పెట్టి, డిస్కు మిషన్లో వేసి, గేమ్ మొదలయ్యే దాకా ఒకే ముక్కలో తీయమనండి. వస్తువు నిజంగా ఉన్నవాడికి రెండు నిమిషాల పని. లేనివాడు వెంటనే కోపం తెచ్చుకుంటాడు. ఆ కోపమే మీకు సమాధానం.

నాలుగు, అడ్వాన్స్ వేయొద్దు. "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే మీ డబ్బు వాపస్ వస్తుంది" అంటే ఇంకా పెద్ద మోసం. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే డబ్బు పోవడమే. మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను సిగ్గుపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు, అది నా తప్పు.

ఐదు, గీతలు. లైటు కింద డిస్కుని వంచి చూడండి. మధ్య నుంచి అంచుకి నిలువుగా ఉన్న గీతలు పెద్దగా భయపెట్టవు. డిస్కు చుట్టూ గుండ్రంగా తిరిగిన గీతలే ప్రమాదం. ఎందుకంటే డేటా కూడా చుట్టూ తిరుగుతూనే రాసి ఉంటుంది, ఒక గీత వరుసగా బోలెడంత డేటాని చదవనివ్వదు. అందుకే తుడిచేటప్పుడు కూడా మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. టూత్‌పేస్ట్ చిట్కాలు నమ్మొద్దు.

ఇన్ని నేర్చుకున్నా డిస్కు మాత్రం రాలేదు. ఏడాది దాటింది. నాన్న మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఒకరోజు అమ్మ కూరగాయలు తరుగుతూ అంది: "ఊర్లన్నీ తిరిగినవ్, తీసుకపోయినోణ్ణి అడిగినవారా?" నిజంగా నాకు మాట రాలేదు. అడగలేదు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు కాబట్టి, నాకు ఆ ఆలోచనే రాలేదు. అన్నని అడిగితే "నీ ఇష్టం, నేనైతే మాట్లాడ" అన్నాడు. పాత క్లాస్‌మేట్స్ వాట్సాప్ గ్రూపు నుంచి నంబర్ సంపాదించి ఫోన్ చేశా. నా పేరు చెప్పగానే అటువైపు కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, "డిస్కు గురించేనా తమ్ముడూ?" అన్నాడు.

డిస్కు వాళ్ళింట్లోనే ఉందట. అప్పట్లో వాళ్ళ చెల్లెలు దాన్ని నేల మీద పెట్టి ఆడుకుంటే గీతలు పడ్డాయి. కొత్తది కొనిచ్చి చెప్దామనుకున్నాడు, కొత్తది దొరకలేదు. ఈలోపు అన్న దొంగ అన్నాడు. ఇక ఇవ్వడానికి సిగ్గు, పారేయడానికి మనసొప్పలేదు. అంటే నాకంటే ముందు ఇదే డిస్కు కోసం ఆయన కూడా షాపులు తిరిగాడు.

రెండు రోజుల తర్వాత ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వచ్చింది. డబ్బులు ఎంత అంటే ఫోన్ పెట్టేశాడు. పెట్టె తెరిచి చూస్తే గీతలు బాగానే ఉన్నాయి, కొన్ని గుండ్రంగా కూడా. పీఎస్‌2 లెన్స్ పాతదైపోయింది. మొదటిసారి పెడితే చదవలేదు. తుడిచి పెట్టా, చదవలేదు. అలా ఎనిమిది సార్లు. తొమ్మిదోసారి తెర మీద పేరు పడింది. అమ్మ వంటింట్లో నుంచి పరిగెత్తుకొచ్చింది.

నాన్న సేవ్ తెరుచుకుంది. అదే చోటు. కంట్రోలర్ మళ్ళీ స్టీరింగ్ లాగే పట్టుకున్నాడు. మూడు రోజులు పట్టింది. నేను పక్కనే కూర్చున్నా గానీ "నేను దాటిస్తా" అనలేదు. మూడో రోజు సాయంత్రం దాటాడు. దాటగానే తర్వాతి భాగం లోడ్ అవుతూ అక్కడే ఆగిపోయింది. నాలుగుసార్లు ప్రయత్నించాం, అక్కడికి వచ్చి ఆగుతోంది. ఆ గీత దగ్గరే ఉంటుంది మిగతా ఆట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాన్న మాత్రం, "దాటిన కదరా, ఇంకేంది" అని టీ పెట్టమన్నాడు.

డీవీడీలో డేటా రెండు పలకల మధ్యలో ఉంటుంది కాబట్టి, పైపై గీతల్ని మిషన్‌తో పాలిష్ చేయించొచ్చు. ఆ మిషన్ ఉన్నవాళ్ళ కోసం ఇప్పుడు వెతుకుతున్నా. అంటే వెతుకులాట అయిపోలేదు. కానీ ఆ రాత్రి నాన్న ఆట దాటిన వీడియో అన్నకి పంపిస్తే, అన్న దాన్ని ఆ ఫ్రెండ్‌కి పంపాడు. నాకు చెప్పలేదు, రామగుండం అన్నే ఫోన్ చేసి చెప్పాడు.

మీరు ఏదైనా పాత గేమ్ వెతుకుతుంటే ముందు యాప్ తెరవొద్దు. మీ కజిన్స్‌ని, పాత క్లాస్‌మేట్స్‌ని, ట్రాన్స్‌ఫరై పోయిన పక్క క్వార్టర్ వాళ్ళని అడగండి. ఎవరి అటక మీద ఏముందో ఏ యాప్‌కీ తెలియదు. అలాగే మీ ఇంట్లో ఉన్న డిస్కుల్ని ఈ ఆదివారం ఒకసారి బయటికి తీయండి, తుడిచి, కవర్లో నిలువుగా పెట్టండి. ఎవరిదైనా తెచ్చి ఇవ్వకుండా పెట్టుకున్నది కనిపిస్తే, గీతలు పడినా సరే, ఇచ్చేయండి.

ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.